గదికి సరిపడా ఎదిగే మొక్క

జూన్ పదో తారీఖున మా ఇందుజ స్కర్టు మడత విప్పడానికి కూర్చున్నాను. విప్పాల్సిన పనే లేకపోయింది.

బడి యూనిఫారాలు కుట్టేవాళ్లందరూ చేసేదే నేనూ చేస్తాను. ఎదిగే పిల్లలకి స్కర్టు కుట్టేటప్పుడు కింద మూడు వేళ్ల బట్ట లోపలికి మడిచి కుట్టేస్తాం. మరుసటి జూన్‌లో ఆ కుట్టు విప్పి కిందికి దించితే ఇంకో ఏడాది నడుస్తుంది. ఇందుజ విషయంలో ఆ మూడు వేళ్లూ ఎప్పుడూ చాలేవి కావు. పోయినేడు మడతంతా దించి, అది కూడా చాలక శ్రావణంలో కింద మళ్లీ మడత పెట్టి వేరే గుడ్డ అతికించాను. "ఇలా పొడుగైపోతుంటే నేను బట్టలు కుట్టాలా, పందిరి వెయ్యాలా" అని విసుక్కున్నాను కూడా.

పదకొండేళ్ల పిల్ల. ఆరు పాసై ఏడులోకి వచ్చింది. ఆ గుడ్డ అతికించినప్పుడు నడుం నుంచి మోకాలి కిందికి ఇరవై మూడున్నర అంగుళాలు. ఇప్పుడు మళ్లీ కొలిచాను. ఇరవై మూడున్నరే.

"నిటారుగా నిలబడవే."

"నిటారుగానే ఉన్నానమ్మా."

నిజంగా నిటారుగానే ఉంది.

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. ఎక్కువే. కూరల బండివాడు తూకం వేస్తుంటే కాయల్ని కాదు, వాడి చిటికెన వేలుని చూస్తాను. బట్టలు కుట్టేదానికి అనుమానం లేకపోతే ఎలా? వచ్చినాయన "పోయినసారి కొలతే, అలాగే కుట్టెయ్యండమ్మా" అంటాడు. ఆ పొట్ట మాత్రం పోయినసారిది కాదు. అందుకని నేను మనుషుల నోటిమాట కంటే టేపుని నమ్ముతాను. ఆ టేపు ఆ రోజు నా పిల్ల ఏడాదిగా వెంట్రుకవాసి కూడా ఎదగలేదని చెప్పింది.

సాయంత్రం మా ఆయన నర్సరీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే చెప్పాను.

"ఏవండీ, పిల్ల ఎదగలేదండి."

"ఏదీ, ఆ టేపిలా ఇయ్యి" అన్నారు. రెండు చేతులతో లాగి చూశారు. "ఇది సాగిపోయిందే వేణీ. పాత టేపు సాగితే అంగుళాలు పెద్దవైపోతాయి, కొలత తక్కువ చూపిస్తాది."

"మిగతా పిల్లలందర్నీ ఇదే టేపుతో కొలిచేనండి. వాళ్లందరూ ఎదిగేరు. మన పిల్లకే సాగిందా టేపు?"

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ చాలాసేపు ఉండిపోయారు. మొహం అంత తడిగా ఏమీ లేదు.

ఆయన పేరు భీమశంకరం. కడియం వైపు నర్సరీల మధ్య పుట్టి పెరిగిన మనిషి. బోటనీలో ఎమ్మెస్సీ చదివి, టిష్యూ కల్చర్ ల్యాబుల్లో పదేళ్లు చాకిరీ చేసి, తిరిగొచ్చి నర్సరీ వెనక రేకుల షెడ్డులో సొంతంగా చిన్న ల్యాబు పెట్టుకున్నారు. ఆయన తిండీ నిద్రా అంతా ఒక్క మొక్క చుట్టూనే తిరిగింది, ఆరేళ్లు.

ఇళ్లలో పెంచే అరెకా పామ్ ఉంది కదా, దాన్ని కొన్నవాళ్లు నాలుగేళ్లకి తిరిగొచ్చి ఒకటే గోల పెట్టేవారు. "కొన్నప్పుడు మోకాలంత ఉందండీ, ఇప్పుడు ఫ్యానుకి తగుల్తోంది, ఏం చెయ్యమంటారు?" తల కత్తిరిస్తే చచ్చిపోతుంది. పామ్ జాతంతా అంతే, మొవ్వు పోతే ప్రాణం పోతుంది. చేయగలిగిందల్లా పక్కకి వచ్చే పిలకల్ని వేళ్లతో సహా విడదీసి వేరే కుండీల్లో పెట్టడం, రెండేళ్లకోసారి కుండీలోంచి తీసి వేళ్లు కత్తిరించి మళ్లీ ఆ చిన్న కుండీలోనే ఇరికించడం. ఫ్లాట్లలో ఉండేవాళ్లకి అంత ఓపిక ఎక్కడిది? తెచ్చి లిఫ్టు పక్కన వదిలేస్తారు. "ఎదిగిపోయిన మొక్కని ఇంట్లో ఎవరూ ఉంచుకోరే" అని ఆయన బాధపడేవారు.

అందుకని గదికి సరిపడా ఎదిగి ఆగిపోయే పామ్‌ని తయారు చేశారు. దాని లేత ఆకుల్లోంచి ఒక వాసన వస్తుంది, పచ్చి ముంజకాయ తొక్క వాసన లాంటిది. నాలుగ్గోడల మధ్య ఆ వాసన పేరుకుంటుంది. బాగా పేరుకుని తిరిగి తనకే తగిలినప్పుడు మొక్క "ఇంక చాలు" అనుకుని ఆగిపోతుంది. చిన్న గదిలో తొందరగా పేరుకుంటుంది కాబట్టి చిన్నగా ఆగుతుంది, పెద్ద హాల్లో పెద్దగా ఆగుతుంది. పిలకలూ అంతే. కత్తెర ముట్టుకోనక్కర్లేదు. దానికి అణకువ అని పేరు పెట్టారు. ఫోటో చూసినవాళ్లంతా పేరు బాగుందన్నారు.

మా అత్తవారి వంశంలో ఒక పట్టింపు ఉంది. కొత్త రకం ఏదొచ్చినా తొలిమొక్కని అమ్మరు, ఇంట్లో పెట్టుకుంటారు. అమ్మితే నర్సరీ కూడా దాని వెంటే పోతుందని నమ్మకం. అలా రెండేళ్ల కిందట తొలి అణకువ మా హాల్లో కిటికీ పక్కన కుదురుకుంది.

సాగిందన్న టేపు మీద నాకూ పంతం పట్టింది. మర్నాడే రాజమండ్రి మెయిన్ రోడ్డు మీద కొత్త టేపు కొన్నాను. సాగని రకం. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా ఇందుజని నిలబెట్టి కొలిచాను. ఇరవై మూడున్నర.

"ఆడపిల్లలంతేనే, కొన్నాళ్లు ఆగి ఒక్కసారే ఎదుగుతారు" అన్నారు మా అత్తయ్య అప్పాయమ్మ గారు. నులిపురుగుల మందు వేశాను. రాగిజావ పట్టించాను. పిల్ల హుషారుగానే ఉంది, పరీక్షలు బాగానే రాసింది, గోళ్లు పెరుగుతున్నాయి, జుట్టు పెరుగుతోంది. ఎత్తు మాత్రం లేదు.

ఆ జుట్టే నాకు దారి చూపించింది. ఓ పొద్దున్న జడ వేస్తుంటే పాపట్లోంచి ముంజకాయ తొక్క వాసన కొట్టింది. కొబ్బరినూనె వాసనని దాటుకుని మరీ వచ్చింది. హాల్లో మొక్క దగ్గరికి వెళ్లి వాసన చూశాను. అంత లేదు. కిటికీ బార్లా తీసుంది, గాలి ఆడుతోంది. కిందటేడు శ్రావణంలో ఆయనే ఉక్కపోతగా ఉందని చెప్పి ఆ కిటికీ రెక్కల్ని బైండింగ్ వైరుతో ఊచలకి కట్టేశారు, మూసుకుపోకుండా. మరి పిల్ల తలకి ఇంత వాసన ఎలా పట్టింది? పిల్ల పడుకునే చిన్న గదిలోకి వెళ్లాను. అక్కడ గోడలకే వాసన. మొక్కేమో హాల్లో, వాసనేమో గదిలో. నాకు చిర్రెత్తుకొచ్చింది.

నాకు ఎమ్మెస్సీ లేదు గానీ మెంతులున్నాయి. మూడు పళ్లాల్లో తడిగుడ్డ పరిచి మెంతులు చల్లాను. ఒకటి వంటింట్లో, ఒకటి హాల్లో మొక్క పక్కన, ఒకటి ఇందుజ గదిలో మంచం కింద. అయిదో రోజుకి వంటింట్లోవి నాలుగు వేళ్ల ఎత్తు లేచాయి. హాల్లోవి వాటికంటే కాస్త పొట్టి. మంచం కిందవి పగిలి, తెల్లటి మొలక బయటపెట్టి, అక్కడే ఆగిపోయాయి. చచ్చిపోలేదు. ఊరికే ఆగిపోయాయి.

పళ్లాలు బుట్టలో పెట్టుకుని షెడ్డుకి వెళ్లాను.

ల్యాబులో గోడ పొడుగునా అద్దాల పెట్టెలున్నాయి, కొన్ని టీవీ అంత, కొన్ని బీరువా అంత. ఒక్కోదాంట్లో ఒక్కో అణకువ. అన్నీ ఒకే రోజు నాటినవే. చిన్న పెట్టెలోది జానెడు, పెద్ద పెట్టెలోది నా నడుం దాకా. ఆయన ఒక చిన్న పెట్టె మూత తీసి ఆకులు తుడుస్తున్నారు. ముక్కుకి మాస్కు ఉంది.

"ఆ మాస్కెందుకండి?"

"ఆకు వాసన పడట్లేదు. తుమ్ములు."

"ఇరవయ్యేళ్లుగా మొక్కల్లో బతుకుతున్నారు. ఇప్పుడొచ్చేయా తుమ్ములు?"

పళ్లాలు ఆయన ముందు పెట్టి ఏది ఎక్కడ పెట్టానో చెప్పాను. ఆయన మంచం కింది పళ్లాన్ని పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూశారు. "మొక్క మొక్కని ఆపుతాదే. అందులో వింతేముంది? మనిషికీ దానికీ సంబంధమేంటి?" అంటూ చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్లారు. అప్పుడే బల్ల మీద ఆయన ఫోను మోగింది. నేను ఎత్తాను. భర్త ఫోను ఎత్తడం తప్పంటే తప్పే, నేను కాదనను.

అవతల ఒకావిడ, హైదరాబాద్ నుంచట. నేను హలో అనేలోపే అందుకుంది. "శంకరం గారి ఆఫీసేనా అండీ? పోయిన జులైలో మా టఫీ గురించి చెప్పాను, గుర్తుందో లేదో. లాబ్రడార్ పిల్ల. మీ మొక్కని మా బెడ్‌రూమ్‌లో పెట్టిన దగ్గర్నుంచి అసలు పెరగట్లేదని చెప్పాను కదా. ఇప్పటికీ పిల్లి అంతే ఉందండీ! ఎంత ముద్దొస్తుందో! మా ఫ్రెండ్స్ కూడా అడుగుతున్నారు. ఇంకో రెండు మొక్కలు పంపుతారా?"

పంపుతామని గానీ పంపమని గానీ చెప్పలేదు. ఫోను పెట్టేశాను. ఆయన తడి చేతులతో వచ్చి నా మొహం చూసి ఆగిపోయారు.

"టఫీ ఎవరండీ?" అన్నాను.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన చెయ్యి మాస్కు మీదికి పోయింది.

"ఒక్క కుక్కపిల్లని బట్టి ఏం చెప్పగలమే? దానికేదో జబ్బు ఉండుంటాది అనుకున్నాను."

"జబ్బనుకుంటే మనింటి కిటికీకి వైరెందుకు కట్టేరండీ? శ్రావణంలో ఉక్కపోతా? వానలు పడుతుంటే ఉక్కపోతా?"

ఆయన స్టూలు మీద కూలబడ్డారు. మెల్లగా చెప్పుకొచ్చారు. కుక్కపిల్ల సంగతి విన్నాక భయమేసిందట. ఎదిగే జంతువుల ఎముకల చివర మెత్తటి భాగం ఉంటుందట, ఎత్తు పెరిగేది అక్కడేనట. ఆ వాసన దాన్ని కూడా "చాలు" అని ఆపేస్తుందేమో అనిపించిందట. గాలాడే చోట అయితే ఏమీ కాదని లెక్క తేలిందట. అందుకని మా కిటికీ తీసి కట్టేశారు. పరీక్షలు పూర్తయ్యాక అందరికీ చెబుదామనుకున్నారట.

"మన కిటికీ ఒక్కటీ కట్టేసి ఊరుకున్నారు. కొన్నవాళ్ల కిటికీలెవరు కడతారండి? ఏసీ గదుల్లో పసిపిల్లల పక్కన పెట్టుకుని ఉండరా?"

"తప్పే" అన్నారు. "కానీ వేణీ, మన పిల్లకి దీనివల్ల కాదే. ఒట్టు. ఆ హాల్లో కిటికీ పగలూ రాత్రీ తీసే ఉంటాది."

ఆరేళ్ల కష్టం, దాని మీద పెట్టుకున్న ఆశ, నాకు తెలియనివి కావు. అయినా ఆ క్షణంలో ఆయన్ని అద్దాల పెట్టెలో పెట్టి మూత వేసెయ్యాలన్నంత కోపం వచ్చింది. రోడ్డు మీద లారీ నిలబడి ఉంది. నాలుగు వేల అణకువలు, హైదరాబాద్‌లో కొత్త అపార్టుమెంట్లకి వెళ్లాలి. "ముందు ఇంటికి నడవండి" అన్నాను.

ఇంటికొచ్చి ఆయన తొలిమొక్క ముందు నిలబడ్డారు. ఏడాదిగా ఆ మొక్క వంక సరిగ్గా చూడలేదని ఆయనే ఒప్పుకున్నారు. చూస్తే టఫీ గుర్తొచ్చేదట. ఇప్పుడు వంగి కుండీ దగ్గర్నుంచి కొస దాకా చూశారు, చేతితో కొలిచారు. మొహం పాలిపోయింది.

"ఇది హాల్లో పెరిగిన మొక్క కాదే."

"అదేంటి? రెండేళ్లుగా ఇక్కడే కదా ఉంది!"

"ఈ హాలుకి, ఈ గాలికి, ఇది ఈపాటికి మనిషెత్తు దాటాలి. రెండున్నర అడుగుల దగ్గర ఆగిపోయింది. అంత పొట్టిగా ఆగిందంటే తలుపులేసిన చిన్న గదిలో ఉంటోందన్నమాట. రోజంతా కాకపోయినా రోజూ కొన్ని గంటలు. ఎవరో తీసుకెళ్లి మళ్లీ తెచ్చి పెడుతున్నారు."

నేను నేల చూశాను. కుండీ కింద గోనెసంచి మడిచి ఉంది. అది నేను వేసింది కాదు. గచ్చు మీద కుండీ దగ్గర్నుంచి పిల్ల గది గుమ్మం దాకా వెడల్పాటి మరక, లాగి లాగి నునుపు తేలింది. ఇల్లు ఊడ్చేది నేనే, రోజూ దాని మీదే చీపురు తిప్పాను.

నా అనుమానం నేరుగా అత్తయ్య మీదికి పోయింది. హాల్లో గాలికి మోకాళ్లు లాగుతున్నాయని ఆవిడ ఎప్పుడూ అంటారు. మొక్క వల్లే కిటికీ తీసి ఉంచాల్సి వస్తోందని సణుగుతారు. మధ్యాహ్నమంతా ఇంట్లో ఉండేది ఆవిడ ఒక్కరే.

"అత్తయ్యా, మొక్కని పిల్ల గదిలోకి మీరు జరుపుతున్నారా?"

"నేనా! చెంబుడు నీళ్లెత్తితే నడుం పట్టేసే దాన్ని, కుండీ లాగుతానా?" ఆవిడ చిక్కుడుకాయలు ఒలవడం ఆపేశారు. "అయినా నాలుగున్నర నుంచి నేను ఇంట్లో ఎక్కడుంటున్నానే? నీ కూతురు బడి నుంచి రాగానే 'నాన్నమ్మా, అరుగు మీద కూర్చో, నాకు చదువుకోవాలి, చప్పుడవుతుంది' అని పంపేస్తాది. నువ్వు షాపు కట్టేసి వచ్చే వేళకి లోపలికి రమ్మంటాది. ఏడాదై ఇదే వరస."

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. కొలతల్నీ, వాసననీ, మొగుడినీ, అత్తగారినీ అనుమానించాను. పిల్లని మాత్రం ఒక్కసారి కూడా అనుమానించలేదు.

మర్నాడు అయిదింటికే షాపు మూసి ఇంటికొచ్చాను. ఆయన కూడా వచ్చి అరుగు మీద అత్తయ్య పక్కన కూర్చుని ఉన్నారు. హాల్లో కిటికీ పక్కన మొక్క లేదు. గది తలుపు తోశాను. లోపల ఉక్క, ఆ వాసన ముక్కు పుటాలు బిగుసుకుపోయేలా. కిటికీ మూసి ఉంది, రెక్కల సందుల్లో గుడ్డపీలికలు కుక్కి ఉన్నాయి. నా షాపులో కత్తిరింపులవి, నీలం గడులవి. ఇందుజ నేల మీద కుండీని కాళ్ల మధ్య పెట్టుకుని, ఆకుల్లో మొహం దూర్చి కూర్చుంది. ఒళ్లో సోషల్ పుస్తకం తెరిచి ఉంది.

నన్ను చూసి లేవలేదు. దొరికిపోయిన మొహం కూడా పెట్టలేదు. నా వంక అలా చూస్తూ ఉంది, నేనేం చేస్తానో చూద్దామన్నట్టు.

"ఏం చేస్తున్నావే ఇక్కడ?"

"చదువుకుంటన్నా."

"ఆ మొక్కెందుకు?"

పుస్తకం మూసి చెప్పింది. "నాన్న ఫోన్లో ఎవరితోనో మాట్లాడేడు. తలుపులేసిన గదిలో ఈ మొక్కుంటే కుక్కపిల్ల ఎదగట్లేదంట. తర్వాత కిటికీకి వైరు కట్టేడు. అందుకని నేను ఇక్కడికి తెచ్చుకుంటన్నా."

"ఎదగకుండా ఉండాలనా? పిచ్చి పిల్లా, ఎందుకే?"

"నీ భుజం దాటితే హాస్టల్లో వేస్తానన్నావు కదా."

అన్నాను. ఒకసారి కాదు. షాపుకి వచ్చినవాళ్లతో, చుట్టాలతో, పిల్లని పక్కన నిలబెట్టుకుని భుజానికి అరచెయ్యి ఆనించి చూపిస్తూ మరీ అన్నాను. మా పెద్దాడు ధీరజ్‌ని అలాగే పంపాను. వాడు నా భుజం దాటిన ఏడాదే బెజవాడ అవతల హాస్టల్లో చేర్చాం. పెద్దవాడయ్యాడు, తట్టుకుంటాడు అనుకున్నాం. దానికి నేను పెట్టుకున్న కొలత అది. కొలత ఒకటి ఉంటే నిర్ణయం సులువవుతుంది కదా, మనసుని అడగక్కర్లేదు. వాడు వెళ్లిన రోజు బస్సు కిటికీలోంచి ఏడవకుండా చూశాడు. ఇది నా కొంగు పట్టుకుని నిలబడి అదంతా చూసింది. పోయినేటికి దీని తల నా భుజానికి రెండు వేళ్ల కింది దాకా వచ్చేసింది, నెలనెలా పైకి వస్తోంది.

"పంపనే. హాస్టలూ లేదు, ఏమీ లేదు. నీ మీద ఒట్టు."

"అన్నయ్యకీ ఒట్టేసేవు" అంది ఇందుజ. "దసరాకి వచ్చేద్దువుగానిలే అన్నావు. మూడు దసరాలైపోయేయి."

నా వెనక ఎవరో ముక్కు ఎగబీల్చారు. ఆయన. ఎప్పుడొచ్చి నిలబడ్డారో తెలియదు. లోపలికొచ్చి గుడ్డపీలికలు ఒక్కొక్కటే లాగేసి కిటికీ తెరిచారు. కుండీని రెండు చేతులతో ఎత్తుకుని షెడ్డుకి తీసుకెళ్లారు.

ఆ సాయంత్రమే, ముందురోజు నుంచి ఆపి ఉంచిన లారీలోంచి నాలుగు వేల మొక్కల్నీ దింపించారు. కొన్నవాళ్లందరికీ తనే ఫోన్లు చేసి ఉన్నదున్నట్టు చెప్పారు. కొందరు తిట్టారు, ఒకాయన ఏడ్చాడు. టఫీ ఆవిడ మాత్రం మొక్క తిరిగివ్వనంది. మీకేం నష్టమని వాదించింది. ఆయన బస్సెక్కి వెళ్లి, వాళ్ల గుమ్మంలో రెండు గంటలు కూర్చుని తెచ్చుకున్నారు. పామ్‌ని చంపాలంటే పెద్ద పనేం లేదు. మొవ్వు కోస్తే చాలు. తల్లిమొక్కల దగ్గర్నుంచి ఒక్కొక్కదాని మొవ్వూ ఆయనే కోశారు, పనివాళ్లని ముట్టుకోనివ్వలేదు. చివరికి తొలిమొక్క దగ్గర కత్తి పక్కన పెట్టి కాసేపు కూర్చున్నారు. నేను ఓదార్చలేదు. తర్వాత అదీ కోశారు.

రాజమండ్రిలో ఎముకల డాక్టరు ఇందుజ మణికట్టు ఎక్స్‌రే తీశారు. ఫిల్ములో ఎముక చివర ఒక సన్నని నల్లటి గీత చూపించారు. "ఎదిగేది ఇక్కడేనమ్మా. ఇంకా మూసుకుపోలేదు. ఆగిన ఎదుగుదల మళ్లీ మొదలవుతుందా అంటే చెప్పలేను. ఇలాంటిది నేను చూడలేదు. మొదలవకపోతే మాత్రం ఇంతే ఎత్తు. నాలుగు నెలలాగి రండి" అన్నారు.

ఆ నాలుగు నెలల్లో ఇందుజ నన్ను ఒక్కసారి కూడా కొలవనివ్వలేదు. టేపు చేతికి తీసుకుంటే చాలు, బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకునేది. నడిచినా నిలబడినా ముందుకి వంగి, భుజాలు ముడుచుకుని, పొడుగు పైజామాలో కాళ్లు ఈడ్చుకుంటూ తిరిగేది. అన్నం రెండు ముద్దలు తిని చాలనేది. ఎదిగిందో లేదో నాకు తెలియదు, ఆయనకి తెలియదు. గోడ వారగా నడిచి వెళ్తుంటే ఇద్దరం దొంగచూపులు చూసేవాళ్లం. ఆ చూపుల్ని అది కనిపెట్టి ఇంకా వంగిపోయేది. "హాస్టల్ లేదే" అంటే "సరే" అనేది. ఆ సరే ఎలాంటిదో నాకు తెలుసు. బేరగాళ్లతో నేను అనే సరే అది.

మాటతో నమ్మే పిల్ల కాదని తేలిపోయింది. దసరా సెలవులకి ముందు రోజు ఆయనతో అన్నాను, "పెద్దాణ్ణి తెచ్చేద్దాం. సెలవులకి కాదు, మొత్తానికి."

"చదువో?"

"రాజమండ్రిలో లేవా బళ్లు? బస్సులో వెళ్లొస్తాడు."

మర్నాడు పొద్దున్నే ఇద్దరం బస్సెక్కాం.

మేం వాణ్ణి తీసుకుని ఆటో దిగేసరికి ఇందుజ గుమ్మంలో నిలబడి ఉంది, ఎప్పటిలాగే వంగిపోయి. అన్నయ్య దగ్గరికి పరుగెత్తలేదు. "ఎన్నాళ్లు సెలవులు?" అని అడిగింది.

"సెలవులు కాదే. టీసీ తెచ్చేసుకున్నాను" అన్నాడు ధీరజ్. పదిహేనేళ్లవాడు, గొంతు మారిపోయింది.

అది నమ్మలేదు. ట్రంకుపెట్టె దింపగానే మూత తీసి చూసింది. బట్టలున్నాయి, పుస్తకాలున్నాయి. సెలవులకొచ్చినా అవి తెచ్చుకుంటాడు. ఆటో చుట్టూ తిరిగి వెనక సీటులోకి తొంగి చూసింది. అక్కడ పరుపుచుట్ట, దాని పక్కన నీలం ప్లాస్టిక్ బకెట్, బకెట్లో మగ్గు, సబ్బుపెట్టె. బకెట్ మీద పెయింటుతో వాడి పేరు, గది నంబరు.

"బకెట్ కూడా తెచ్చేసేవా?"

"మరి? ఇంక అక్కడెవరికి?"

బకెట్‌ని రెండు చేతులతో కిందికి దింపింది. అందులోని మగ్గు తీసి చూసి మళ్లీ పెట్టింది. దాన్ని మోసుకుంటూ మా అందర్నీ దాటుకుని లోపలికి వెళ్లి, బాత్రూంలో పెట్టిన చప్పుడు వినిపించింది. తిరిగొచ్చి గుమ్మంలో నిలబడింది. ముందు మెడ ఎత్తింది. తర్వాత భుజాలు వెనక్కి పోయాయి, వీపు నిలబడింది. ఆ తర్వాత ఇంకాస్త పైకి లేచింది. ఇన్నాళ్లూ ఆ పైజామాలో మోకాళ్లు కూడా వంచి నడుస్తోందని నాకప్పుడు తెలిసింది.

మెల్లగా వచ్చి నా పక్కన నిలబడింది. దాని తల నా భుజం పైకి రెండు వేళ్లు వచ్చింది.

"దాటేసేనమ్మా" అంది.

ఆయన గోడ వైపు తిరిగిపోయారు. నేను ఏడిస్తే పిల్ల ఏమనుకుంటుందోనని ఏడవలేదు.

"దాటితే దాటేవులే. రా, అన్నయ్యతో కూర్చుని అన్నం తిందువుగాని" అన్నాను.

రెండోసారి వడ్డించమంది.